పొగ వచ్చిందని టర్బో మార్చకండి

పాత టర్బో కారు, అంటే ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపే టర్బో ఉన్న కారు, కొన్నవాళ్లలో చాలామందికి మొదటి భయం ఒకేలా మొదలవుతుంది. సిగ్నల్ దగ్గర రెండు నిమిషాలు ఐడ్లింగ్‌లో ఆగుతారు. పచ్చ లైటు పడగానే ఎక్స్‌లరేటర్ తొక్కితే అద్దంలో వెనకంతా నీలం పొగ. ఇక మెకానిక్ నుంచి పక్కింటాయన దాకా అందరి నోటా ఒకటే మాట: టర్బో పోయింది.

నా స్నేహితుడొకడు రెండు లక్షల కిలోమీటర్లు దాటిన టర్బో హ్యాచ్‌బ్యాక్ కొన్నప్పుడు సరిగ్గా ఇదే జరిగింది. అప్పు చేసి మరీ కొత్త టర్బో వేయించాడు. మూడు వారాలు బాగానే ఉంది. నాలుగో వారం అదే సిగ్నల్, అదే పొగ. టర్బో అమ్మినవాడు మోసం చేశాడనుకున్నాడు. నిజానికి ఎవరూ మోసం చేయలేదు. ఇంజిన్ లోపల పేరుకునే ఆవిర్లను బయటికి లాగే చిన్న వాల్వ్ ఒకటి ఉంటుంది, పీసీవీ అంటారు. అది మూసుకుపోయింది. పాత టర్బో పొగకు కారణం అదే, కొత్త టర్బో పొగకూ కారణం అదే.

ఆ వాల్వ్‌కూ టర్బో పొగకూ సంబంధం ఏమిటో అర్థమైతే ఈ కార్ల సంగతి సగం అర్థమైనట్టే. బాగా తిరిగిన టర్బో కారులో టర్బో తనంతట తాను చెడిపోవడం అరుదు. దానికి అందే ఆయిల్‌లోనో, దాని గుండా పోయే గాలిలోనో, దాని చుట్టూ పుట్టే వేడిలోనో లోపం మొదలవుతుంది. ఆ లోపం చివరికి టర్బో దగ్గర బయటపడుతుంది. కొత్త యజమాని కళ్లు ఆ చివర మీదే ఉంటాయి కాబట్టి డబ్బంతా అక్కడే పోస్తాడు.

ఇది ఈనాటి కథ కూడా కాదు. 1962లో అమెరికాలో వచ్చిన ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ ప్రపంచంలో టర్బోతో అమ్మిన తొలి కార్లలో ఒకటి. నాకింగ్, అంటే సిలిండర్‌లో ఇంధనం అదుపు తప్పి పేలినట్టు కాలడం, రాకుండా ఉండటానికి దానిలో నీళ్లూ మిథనాలూ కలిపిన ద్రవాన్ని ఇంజిన్‌లోకి చిమ్మే ఏర్పాటు ఉండేది. దాని ట్యాంకు ఖాళీ అయితే బూస్ట్, అంటే టర్బో గాలిని ఒత్తే ఒత్తిడి, తగ్గిపోయేలా కూడా చేశారు. చాలామంది యజమానులు ట్యాంకు నింపడమే మరిచిపోయారు. బండి లాగడం లేదని షోరూముకు తెచ్చారు. ఆఖరికి టర్బో పీకేసి మామూలు కార్బ్యురేటర్ వేయించుకున్న కార్లూ ఉన్నాయి. ద్రవం నింపనందుకు శిక్ష టర్బోకు పడింది.

ఆయిల్ పొర మీద తేలే ఇరుసు

టర్బోలో ఒక ఇరుసు, దానికి రెండు వైపులా రెండు చక్రాలు. ఒకదాన్ని సైలెన్సర్‌కు పోవాల్సిన వేడి వాయువులు తిప్పుతాయి. రెండోది బయటి గాలిని పీల్చి ఒత్తి ఇంజిన్‌కు పంపుతుంది. ఆ ఇరుసు నిమిషానికి లక్ష సార్లకు పైగా తిరుగుతుంది, చిన్న టర్బోలైతే రెండు లక్షలు దాటతాయి. పెట్రోల్ ఇంజిన్‌లో ఆ వాయువుల వేడి 900 డిగ్రీల సెల్సియస్ దాటడం మామూలే. ఎక్కువ టర్బోల్లో ఆ ఇరుసును మోసేవి బాల్ బేరింగులు కావు. గుండ్రటి కంచు బుష్షుల మధ్య ఒత్తిడితో వచ్చే పలుచటి ఆయిల్ పొర మీద అది తేలుతూ తిరుగుతుంది. ఆ పొర ఉన్నంతసేపు లోహం లోహాన్ని తాకదు. ఆ పొర కొన్ని క్షణాలు తెగితే చాలు, బేరింగ్ గీతలు పడుతుంది.

ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటుంది. ఆ ఇరుసు చివర్లలో ఉండే సీళ్లు రబ్బరు సీళ్లు కావు. పిస్టన్ రింగుల్లాంటి సన్నటి లోహపు రింగులు. ఆయిల్ నిండి నిలిచిపోతే దాన్ని ఆపే శక్తి వాటికి లేదు. ఆయిల్ పైనుంచి ఒత్తిడితో వచ్చి, బేరింగుల్ని తడిపి, నురగలాగా మారి, కింద ఉన్న లావుపాటి గొట్టంలోంచి తన బరువుకే ఇంజిన్‌లోకి జారిపోవాలి. కిందికి జారే దారి ఖాళీగా ఉన్నంతవరకే ఆ రింగులు తమ పని చేస్తాయి.

ఇప్పుడు పీసీవీ మూసుకుపోయిందనుకోండి. పిస్టన్ రింగుల సందులోంచి కిందికి దిగే వాయువులకు బయటికి దారి లేదు. ఇంజిన్ అడుగుభాగంలో ఒత్తిడి పెరుగుతుంది. టర్బో నుంచి జారిరావాల్సిన ఆయిల్‌ను ఆ ఒత్తిడి కిందనుంచి ఎదురు తోస్తుంది. ఆయిల్ టర్బోలోనే నిలిచి, రింగుల్ని దాటి, వేడి చక్రం వైపు కారుతుంది. ఐడ్లింగ్‌లో ఆ వైపు వాయువుల ఒత్తిడి తక్కువ కాబట్టి కారడం ఇంకా తేలిక. కారిన ఆయిల్ సైలెన్సర్‌లో చేరుతుంది, మీరు ఎక్స్‌లరేటర్ తొక్కగానే కాలుతుంది. అదే నీలం పొగ. ఆ స్థితిలో ఎంత కొత్త టర్బో బిగించినా పొగ రావాల్సిందే.

కారణం పీసీవీయే కానక్కర్లేదు. ఆయిల్ తిరిగి జారే గొట్టం నలిగినా ఇదే జరుగుతుంది. గ్యాస్కెట్ జిగురు ఎక్కువగా పూస్తే ఆ జిగురు లోపలికి ఉబ్బి దారి మూసినా ఇదే. ఎయిర్ ఫిల్టర్ పూర్తిగా మురికిపట్టినప్పుడు చల్లటి చక్రం తన వెనకనున్న ఆయిల్‌ను పీల్చేస్తుంది. ఇవన్నీ వదిలేసినా, పొగ అసలు టర్బోది కాకపోవచ్చు. రాత్రంతా ఆగిన బండి పొద్దున స్టార్ట్ చేయగానే ఒక్కసారి గుప్పున నీలం పొగ వచ్చి ఆగిపోతే ఇంజిన్ హెడ్‌లోని వాల్వ్ సీళ్లను అనుమానించాలి. బరువు మీద లాగుతున్నంతసేపూ వస్తూనే ఉంటే పిస్టన్ రింగులను అనుమానించాలి. పొగ తెల్లగా, తీపి వాసనతో, ఇంజిన్ వేడెక్కాక కూడా ఆగకపోతే అది కూలెంట్. నల్లగా ఉంటే పెట్రోల్ ఎక్కువ పడుతోంది, ఆయిల్‌తో సంబంధం లేదు.

టర్బోను నేరుగా పరీక్షించడం కష్టమేమీ కాదు. చల్లటి ఇంజిన్ మీద గాలి గొట్టం విప్పి, చక్రం మధ్యనున్న నట్టును వేళ్లతో పట్టుకుని కదపండి. పక్కలకు కొంచెం కదలడం సహజం, ఆయిల్ పొర కోసం వదిలిన సందు అది. కానీ చక్రపు రెక్కలు గోడను తాకకూడదు. ముందుకూ వెనక్కూ లాగితే కదలిక చేతికి తెలియనంత తక్కువ ఉండాలి. అక్కడ టకటకమని కదిలితే ఇరుసును ముందుకూ వెనక్కూ జరగకుండా ఆపే థ్రస్ట్ బేరింగ్ అరిగిందని అర్థం, అప్పుడు టర్బో నిజంగానే మార్చాలి. మార్చేముందు మాత్రం అది ఎందుకు అరిగిందో తేల్చుకోవాలి, లేకపోతే రెండోదీ అదే దారిన పోతుంది.

ఆయిల్ అందకపోవడం ఇందులో అన్నిటికంటే ప్రమాదకరం. సుబారు ఈజే టర్బో ఇంజిన్లలో కొన్నిటికి టర్బోకు ఆయిల్ తెచ్చే గొట్టం బోల్టులో సన్నటి జాలీ ఉంటుంది. చెత్త టర్బోలోకి పోకూడదని పెట్టారు. ఆయిల్ సమయానికి మార్చని బండిలో ఆ జాలీయే మడ్డితో మూసుకుపోయి టర్బోను ఎండగట్టేస్తుంది. స్వీడన్ కారు సాబ్ 9-5 తొలి సంవత్సరాల ఇంజిన్లలో మడ్డి ఆయిల్ పంపు పీల్చే జాలీకే అడ్డంపడి మొత్తం ఇంజిన్‌నే తినేసిన సందర్భాలు ఎన్నో. అక్కడ కూడా మడ్డి పేరుకోవడంలో పెద్ద పాత్ర ఆవిర్లను లాగే ఏర్పాటుదే. కంపెనీ తర్వాత దాన్ని మార్చింది. ఇలాంటి ఇంజిన్ ఉన్న పాత బండి కొంటే ఆయిల్ పాన్ విప్పించి ఆ జాలీని కళ్లతో చూడటం నా దృష్టిలో కొన్న నెలలోనే చేయాల్సిన పని. ఏ కొత్త విడిభాగం కంటే ఎక్కువ మనశ్శాంతి ఇస్తుంది.

మడ్డి ఉందని తెలిస్తే చాలామంది లోపలి మురికిని కరిగించే ఇంజిన్ ఫ్లష్ పోయిస్తారు. దయచేసి వద్దు. ఏళ్లుగా గోడలకు అంటుకున్న గడ్డలన్నీ ఒక్కసారి ఊడివచ్చి అదే జాలీలో చేరతాయి. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు అవుతుంది. మంచి సింథటిక్ ఆయిల్ పోసి, రెండు మూడు సార్లు తక్కువ దూరానికే, అంటే రెండు మూడు వేల కిలోమీటర్లకే, ఫిల్టరుతో సహా మార్చండి. నెమ్మదిగా అదే కడుగుతుంది. తీసిన ప్రతి ఫిల్టరును కోసి, ముడతలు విప్పి వెలుతురులో చూడండి. నల్లటి మసి ఉంటే భయం లేదు. అయస్కాంతానికి అంటుకునే ఇనుప పొడి ఉంటే జాగ్రత్త. రాగి, కంచు రంగు మెరుపులుంటే అవి బేరింగుల నుంచే వస్తున్నాయి. ల్యాబులో ఆయిల్ పరీక్ష చేయించగలిగితే ఇంకా మేలు. ఆయిల్‌లో సోడియం, పొటాషియం అసాధారణంగా కనిపిస్తే కూలెంట్ కలుస్తోందని అనుమానించాలి.

ఆయిల్ ఎంపికలో చిక్కదనం ఒక్కటే చూసి ఆగిపోకండి. డబ్బా వెనక ఉండే ఆమోదాలు మీ మాన్యువల్‌లో రాసినవాటితో సరిపోవాలి. పెట్రోల్‌ను నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బో ఇంజిన్లలో తక్కువ ఆర్‌పీఎంలో, టాప్ గేరులో గట్టిగా తొక్కినప్పుడు స్పార్క్ పడకముందే ఇంధనం అంటుకునే జబ్బు ఒకటి బయటపడింది. ఎల్ఎస్‌పీఐ అంటారు. అది పిస్టన్‌నే విరిచేయగలదు. దాన్ని దృష్టిలో పెట్టుకునే అమెరికా పెట్రోలియం సంస్థ ఏపీఐ 2018లో ఎస్ఎన్ ప్లస్, 2020లో ఎస్‌పీ ప్రమాణాలు తెచ్చింది. కాబట్టి అలాంటి ఇంజిన్‌కు ఎస్‌పీ ఆయిల్ వేయడంతో పాటు, 1500 ఆర్‌పీఎం దగ్గర టాప్ గేరులో ఎక్స్‌లరేటర్‌ను నేలకు నొక్కే అలవాటు మానాలి. గేరు తగ్గించి తొక్కడం ఇంజిన్‌కు హింస అనుకుంటారు కొందరు, నిజం దానికి రివర్సు.

డిప్‌స్టిక్ వారానికోసారి చూడాలి. ఈ ఇంజిన్లు కొంత ఆయిల్ తాగుతాయి. వెయ్యి కిలోమీటర్లకు అర లీటరు దాకా మామూలేనని మాన్యువల్‌లో రాసే కంపెనీలూ ఉన్నాయి. అంటే ఐదు వేల కిలోమీటర్లు మూత తీయకుండా తిరిగితే ఆయిల్ పాన్‌లో సగం ఖాళీ కావచ్చు. ఆ లెక్కలో చనిపోయిన ఇంజిన్లు తక్కువేమీ లేవు. ఆయిల్ లెవెల్ తగ్గకపోగా పెరుగుతుంటే సంతోషించకండి, వాసన చూడండి. పెట్రోల్ వాసన వస్తే ఇంధనం ఆయిల్‌లో కలుస్తోంది.

లెక్క తప్పే గాలి

పికప్ తగ్గిన పాత టర్బో కారులో నేను మొదట వెతికేది గాలి లీకు. పది పదిహేనేళ్లు వేడిలో ఉడికిన రబ్బరు గొట్టాలు, వదులైన క్లాంపులు, ఒత్తిన గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ రాళ్ల దెబ్బ తినడం, ఎక్స్‌లరేటర్ వదలగానే ఒత్తిడి గాలిని వెనక్కి మళ్లించే డైవర్టర్ వాల్వ్ పొర చిరగడం. ఏది లీకయినా మనకు బయటికి కనిపించదు.

ఈ లీకు రెండు రకాలుగా మోసం చేస్తుంది. ఎక్కువ కార్లలో ఎయిర్ ఫిల్టర్ దగ్గర మాఫ్ సెన్సర్ ఉంటుంది, లోపలికి వచ్చే గాలిని అక్కడే కొలుస్తుంది. దానికి తగ్గ పెట్రోల్‌ను కంప్యూటర్ చిమ్మిస్తుంది. కొలిచిన తర్వాత బూస్ట్‌లో గాలి కొంత బయటికి పోయిందంటే, లేని గాలికి కూడా పెట్రోల్ పడుతుంది. నల్ల పొగ, మందకొడి లాగుడు. అదే చిల్లు థ్రాటిల్, అంటే ఎక్స్‌లరేటర్‌తో తెరుచుకునే గాలి తలుపు, దాటిన తర్వాత ఉంటే, ఐడ్లింగ్‌లో ఇంజిన్ పీల్చుకునేటప్పుడు అదే చిల్లులోంచి కొలవని గాలి లోపలికి వస్తుంది. ఇప్పుడు పెట్రోల్ సరిపోదు, ఇంజిన్ వణుకుతుంది. ఒకే చిల్లు, రెండు వ్యతిరేక లక్షణాలు. అందుకే సెన్సర్లు ఒక్కొక్కటే మారుస్తూపోయి అలసిపోయినవాళ్లు ఎందరో.

ఒక చిన్న స్కానర్ పెట్టి ఫ్యూయల్ ట్రిమ్స్ చూస్తే ముడి విడిపోతుంది. కంప్యూటర్ తన లెక్కకు ఎంత శాతం కలుపుతోందో, ఎంత తీసేస్తోందో ఆ అంకెలు చెబుతాయి. ఐదు శాతం అటూ ఇటూ ఉంటే ఆరోగ్యం. ఐడ్లింగ్‌లో ప్లస్ పది దాటి, ఆర్‌పీఎం పెంచగానే సున్నా వైపు తగ్గితే థ్రాటిల్ దాటిన తర్వాత చిల్లు ఉందనే అర్థం.

మాఫ్ లేకుండా ప్రెషర్ సెన్సర్‌తోనే లెక్కకట్టే కార్లలో పెట్రోల్ లెక్క తప్పదు, కానీ టర్బో బాధ పడుతుంది. కారిపోయే గాలిని భర్తీ చేయడానికి అది మామూలు కంటే వేగంగా తిరగాలి. ఇరుసు మీద భారం, గాలికి అదనపు వేడి. బూస్ట్ గేజ్ మీద అంకె మామూలుగానే ఉంటుంది కాబట్టి యజమానికి తెలియదు. ఒక వదులు క్లాంపు ఇలా కొన్ని నెలల్లో టర్బో ఆయుష్షు తగ్గించేస్తుంది.

లీకును కనిపెట్టడానికి రెండు మంచి పద్ధతులున్నాయి. మొదటిది పొగ యంత్రం. పొగ పంపి ఎక్కడ బయటికి వస్తుందో చూడటమే. రెండోది టర్బో నోటికి మూత బిగించి, కంప్రెసర్‌తో గాలి ఎక్కించి, జాయింట్ల మీద సబ్బునీళ్లు చల్లడం. ఒత్తిడిని నెమ్మదిగా పెంచాలి, కారు మామూలుగా వాడే బూస్ట్ దాటించకూడదు. ఆత్రపడి ఎక్కువ ఎక్కిస్తే ఇంజిన్ సీళ్లు పోతాయి.

సన్నటి వ్యాక్యూమ్ గొట్టాలను మాత్రం పరీక్షించడం కాదు, అన్నీ కొత్తవి వేయించేయడమే నా సలహా. అవి చాలా చవక, వాటి వల్ల జరిగే నష్టం చాలా పెద్దది. వేస్ట్‌గేట్ సంగతే చూడండి. బూస్ట్ హద్దు దాటకుండా వేడి వాయువుల్లో కొంత భాగాన్ని పక్కకు వదిలే తలుపు అది. పాత తరహా ఏర్పాటులో సన్నటి గొట్టంలోంచి వచ్చే గాలి ఒత్తిడే ఆ తలుపు తెరుస్తుంది. ఆ గొట్టం పగిలితే తలుపు తెరుచుకోదు, బూస్ట్ అదుపు లేకుండా పెరుగుతుంది. బండి ఒక్కసారి రాకెట్‌లా లాగి, ఆ వెంటనే ఎవరో బ్రేకు వేసినట్టు ఆగితే కంప్యూటర్ ఇంజిన్‌ను కాపాడటానికి పెట్రోల్ కట్ చేసిందని అర్థం. ఆ లాగుడు చూసి బండి బాగా వేగంగా ఉందని మురిసిపోయి ఇంకోసారి తొక్కకండి.

గాలి దారిలోనే ఇంకో సంగతి. డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్లలో పెట్రోల్ నేరుగా సిలిండర్‌లో పడుతుంది, ఇన్‌టేక్ వాల్వుల వెనక భాగాన్ని కడగదు. పీసీవీ నుంచి వచ్చే ఆయిల్ ఆవిరి అక్కడ బొగ్గులా గట్టిపడుతుంది. బీఎండబ్ల్యూ ఎన్54, ఫోక్స్‌వ్యాగన్ 2.0 టీఎఫ్ఎస్ఐ లాంటివాటిలో లక్ష కిలోమీటర్లకు చల్లటి స్టార్టులో మిస్సింగ్ వస్తే ఇదే ముందు చూడాలి. పెట్రోల్‌లో కలిపే క్లీనర్లు ఆ వాల్వుల దగ్గరికి చేరనే చేరవు. గాలిని సిలిండర్లకు పంచే మానిఫోల్డ్ విప్పి అక్రోటు చిప్పల పొడిని గాలితో కొట్టించడం ఒక్కటే నమ్మదగ్గ దారి.

వేడి

డ్యాష్‌బోర్డు మీద టెంపరేచర్ ముల్లును నమ్మకండి. చాలా కార్లలో దాన్ని కావాలనే మొద్దుబార్చారు. కూలెంట్ 75 నుంచి 105 డిగ్రీల మధ్య ఎక్కడున్నా ముల్లు మధ్యలోనే నిలబడుతుంది. అది కదిలేసరికి ఆలస్యమైపోతుంది. స్కానర్‌లో అసలు అంకె చూడండి.

టర్బో ఇంజిన్ బానెట్ కింద వేడి మామూలు ఇంజిన్ కంటే చాలా ఎక్కువ. రేడియేటర్ చివర్ల ప్లాస్టిక్, ఎక్స్‌పాన్షన్ ట్యాంకు, థర్మోస్టాట్ తొడుగు, ఇవన్నీ కిలోమీటర్లతో సంబంధం లేకుండా ఏళ్లతో పెళుసెక్కుతాయి. తక్కువ తిరిగిన పదిహేనేళ్ల బండి కూడా ఈ విషయంలో పాతదే. ఎన్54 లాంటి ఇంజిన్లలో వాటర్ పంపు కరెంటుతో తిరుగుతుంది, ముందస్తు హెచ్చరిక లేకుండా ఆగిపోతుంది. ఇలాంటివి ఆగేదాకా ఆగకుండా ముందే మార్చడం మేలు. ఒక్కసారి ఓవర్‌హీట్ అయితే అల్యూమినియం హెడ్ వంగి, హెడ్ గ్యాస్కెట్ పోయి, ఖర్చు ఎక్కడికో పోతుంది. గ్యాస్కెట్ మీద అనుమానముంటే ఎక్స్‌పాన్షన్ ట్యాంకు మీద పెట్టే ద్రవ పరీక్ష చేయించండి. కాలిన వాయువులు కూలెంట్‌లోకి వస్తుంటే ఆ నీలం ద్రవం పసుపుగా మారుతుంది.

నడిపే పద్ధతి కూడా మరమ్మతులో భాగమే. కూలెంట్ వేడెక్కినంత మాత్రాన ఆయిల్ వేడెక్కినట్టు కాదు, దానికి మరో ఐదు పది నిమిషాలు పడుతుంది. అప్పటిదాకా బూస్ట్ జోలికి వెళ్లకండి. స్టార్ట్ చేయగానే రేస్ చేయడం పాత బేరింగుల్ని చేతులారా అరగదీయడమే. గట్టిగా నడిపాక టక్కున ఆపేస్తే టర్బోలో నిలిచిన ఆయిల్ మాడి గట్టిపడుతుంది. పూర్వం ఇందుకోసం తాళం తీసినా ఇంజిన్‌ను కాసేపు నడిపే టైమర్లు పెట్టుకునేవాళ్లు. టర్బో నడుమ కూలెంట్ ప్రవహించే ఏర్పాటు వచ్చాక వాటి అవసరం బాగా తగ్గింది. చివరి రెండు మూడు కిలోమీటర్లు నెమ్మదిగా నడిపి ఆపడం అన్నిటికంటే మంచి పద్ధతి.

మీకంటే ముందు నడిపినవాళ్లు

పెర్ఫార్మెన్స్ కారు చరిత్రలో ఓడోమీటర్ కంటే ముఖ్యమైన ప్రశ్న ఒకటుంది: ఇంతకుముందు దీన్ని ఎవరు, ఎంత పెంచారు? ట్యూన్ చేసిన కంప్యూటర్, బయటికి గాలి వదిలే బ్లో ఆఫ్ వాల్వ్, ఓపెన్ ఫిల్టర్, చేత్తో తిప్పే బూస్ట్ కంట్రోలర్. అమ్మేవాడు వీటిని అదనపు విలువగా చెబుతాడు. నేను వాటిని సగంలో ఆగిన పనులుగా చూస్తాను. మాఫ్ ఉన్న కారులో గాలిని బయటికి వదిలే వాల్వ్ పెడితే, కొలిచిన గాలి పోయి గేరు మార్చిన ప్రతిసారీ పెట్రోల్ ఎక్కువవుతుంది. ట్యూన్ ఎవరు రాశారో, ఏ ఆక్టేన్ పెట్రోల్‌కు రాశారో తెలియకపోతే నాకింగ్ వచ్చి పిస్టన్ రింగు గట్లు విరిగే ప్రమాదముంది. ఈజే టర్బోల్లో ఇది బాగా పేరుమోసిన జబ్బు. వీలైతే బండిని కంపెనీ స్థితికి తిరిగి తెచ్చి, కొన్ని నెలలు అలాగే నడపండి. ఆ తర్వాత పవర్ పెంచాలో వద్దో బండే చెబుతుంది.

ఇంజిన్ నిజంగా ఏ స్థితిలో ఉందో తెలియాలంటే లీక్ డౌన్ పరీక్షను మించింది లేదు. సిలిండర్లలో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ పరీక్షలో వాటి మధ్య తేడా పది పదిహేను శాతం లోపుంటే సరే అంటాం, కానీ తేడా ఉంటే ఎందుకో అది చెప్పదు. లీక్ డౌన్‌లో సిలిండర్‌లోకి గాలి ఎక్కించి చెవి పెట్టి వింటారు. సైలెన్సర్‌లో బుస్సుమంటే ఎగ్జాస్ట్ వాల్వ్. గాలి గొట్టంలో వినిపిస్తే ఇన్‌టేక్ వాల్వ్. ఆయిల్ మూత దగ్గర వస్తే రింగులు. కూలెంట్‌లో బుడగలు లేస్తే హెడ్ గ్యాస్కెట్. పది శాతం లోపు లీకు చాలా బాగున్నట్టు, ఇరవై దాటితే ఇంజిన్ బోరుకొచ్చే రోజు దగ్గర్లో ఉన్నట్టు. ఇది కొనకముందే చేయించగలిగితే బేరం మీ చేతిలో ఉంటుంది.

వాల్వులనూ పిస్టన్లనూ ఒకే లయలో ఉంచే టైమింగ్ బెల్ట్ విషయంలో అమ్మినవాడి మాట చాలదు, బిల్లు కావాలి. బిల్లు లేకపోతే బెల్ట్ మారనట్టే లెక్క. మిత్సుబిషి 4జీ63 టర్బోకు 60,000 మైళ్లు, సుబారు ఈజేకు 1,05,000 మైళ్లు అని గడువులున్నాయి. దూరం పూర్తికాకపోయినా ఏళ్లు గడిస్తే బెల్ట్ పాతదే. ఈ రెండూ బెల్ట్ తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలే ఇంజిన్లు. టెన్షనర్, కప్పీలు, వాటర్ పంపు అన్నీ ఒకేసారి మార్పించండి. చైన్ ఉన్న ఇంజిన్లలో చల్లటి స్టార్టులో గలగల శబ్దం వస్తే నిర్లక్ష్యం చేయకండి.

కొన్ని ఇంజిన్లకు తమవైన బలహీనతలుంటాయి, అవి ముందే తెలుసుకోవాలి. బెల్ట్ ఉన్న 2.0 టీఎఫ్ఎస్ఐలో వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్‌కూ హై ప్రెషర్ పెట్రోల్ పంపుకూ మధ్య చిన్న గిన్నెలాంటి ఫాలోయర్ ఉంటుంది. అది అరిగి చిల్లుపడితే పంపు, క్యామ్‌షాఫ్ట్ రెండూ పోతాయి. అరచేతిలో పట్టే ఆ ముక్కను రెండు మూడు ఆయిల్ మార్పులకు ఒకసారి విప్పి చూస్తే చాలు.

మిస్సింగ్ వస్తే ప్లగ్గులకు కరెంటు ఇచ్చే కాయిల్ సెట్టు మొత్తం కొనకండి. అనుమానమున్న కాయిల్‌ను పక్క సిలిండర్‌కు మార్చండి, మిస్సింగ్ కూడా దానితో వెళితే దొంగ దొరికినట్టే. ప్లగ్గుల గ్యాప్ మాన్యువల్‌లో చెప్పినట్టు ఉందో లేదో కొలవండి. బూస్ట్‌లో గాలి చిక్కబడేకొద్దీ స్పార్క్ ఆ సందు దాటడం కష్టమవుతుంది, అరిగి గ్యాప్ పెరిగిన ప్లగ్గు మొదట బూస్ట్‌లోనే తడబడుతుంది.

ఇదంతా చదివి ఇంజిన్ చుట్టూనే తిరగకండి. బ్రేక్ ఫ్లూయిడ్ ఎప్పుడు మారిందో తెలియకపోతే ముందు అదే మార్చండి. డాట్ 4 రకం ఫ్లూయిడ్ కొత్తలో కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155కు పడిపోవచ్చు. వేగంగా పోయే బండిలో ఆ తేడా పెడల్ కిందికి దిగిపోవడంలో తెలుస్తుంది. టైరు పక్కన ఉండే నాలుగంకెల కోడ్‌లో మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. గాడులు ఎంత లోతుగా ఉన్నా వయసైపోయిన రబ్బరు పట్టు ఇవ్వదు. ఆల్ వీల్ డ్రైవ్ అయితే నాలుగు టైర్ల అరుగుదల దాదాపు సమానంగా ఉండాలి, లేకపోతే ముందు, వెనక చక్రాలకు శక్తిని పంచే మధ్య డిఫరెన్షియల్ నిరంతరం పోరాడుతూ వేడెక్కుతుంది. డిఫరెన్షియళ్లకూ గేర్‌బాక్సుకూ కూడా ఆయిల్ ఉంటుందన్న సంగతి చాలామందికి గుర్తుండదు, జీవితాంతం మార్చక్కర్లేదని రాసి ఉన్నా సరే మార్పించండి.

నా స్నేహితుడి బండికి పీసీవీ వాల్వ్, దాని గొట్టాలు కొత్తవి పడ్డాక కూడా పొగ వెంటనే ఆగలేదు. అతను మళ్లీ కంగారుపడ్డాడు. ఇంటర్‌కూలర్ విప్పితే ఒక చిన్న గ్లాసుడు ఆయిల్ కారింది, సైలెన్సర్ లోపల నానిన ఆయిల్ కాలిపోవడానికి మరో రెండు వారాల డ్రైవింగ్ పట్టింది. ఆ తర్వాత తీసిపెట్టిన పాత టర్బోను బల్ల మీద పెట్టి చక్రం కదిపి చూశాం. ముందుకూ వెనక్కూ కదలిక లేదు, రెక్కలు గోడకు తగల్లేదు. శుభ్రంగా తుడిచి, ఆయిల్ గుడ్డలో చుట్టి, అది ఇప్పటికీ అతని అటక మీద ఉంది.